నేర్చుకునే తీరులూ ఇంగ్లీషు పాఠమూ

తరగతి గదిలో అరవై మంది ఉంటారు, పాఠం ఒకటే ఉంటుంది. ఆ ఒక్క పాఠం అరవై మందికీ ఒకే రకంగా అందదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ప్రతి ఇంగ్లీషు ఉపాధ్యాయుడికీ ఈ సంగతి తెలిసిపోతుంది. ఎందుకు అందదు, అందించడానికి ఏం చెయ్యాలి అనే ప్రశ్నల దగ్గర మాత్రం మనం ఒక్కమాట మీద లేము. "పిల్లలకు తెలివి లేదు" అనేది పాత జవాబు. ఆ మాట బాహాటంగా అనడం ఇప్పుడు మర్యాద కాదు కనుక దాని స్థానంలో మర్యాదైన జవాబు ఒకటి వచ్చింది. ఒక్కొక్క విద్యార్థికి నేర్చుకునే తీరు ఒక్కొక్కటి ఉంటుందట. కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు, కొందరు చేతులతో చేసి నేర్చుకుంటారు. ఎవరి తీరు ఏదో కనిపెట్టి ఆ తీరులోనే బోధిస్తే అందరికీ ఇంగ్లీషు వస్తుందట. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల్లో దీన్నే 'అభ్యసన శైలులు' అంటున్నారు.

ఇది సాహిత్య పత్రికలో చర్చించవలసిన విషయమేనా అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. నా అభిప్రాయంలో ఇక్కడే చర్చించాలి. మన సమాజంలో ఇంగ్లీషు అనేక పాఠ్యాంశాలలో ఒకటిగా లేదు. ఉద్యోగానికీ, పై చదువుకీ, హైకోర్టు తీర్పు చదివి అర్థం చేసుకోవడానికీ అదే వాకిలి. ఆ వాకిలి దగ్గర ఎవరు ఆగిపోతున్నారు, ఎందుకు ఆగిపోతున్నారు అనే ప్రశ్నకు ఇచ్చే ఏ జవాబైనా సమాజాన్ని గురించిన జవాబే అవుతుంది. పైగా మన రచయితల్లో చాలామంది ఉపాధ్యాయులు, మన పాఠకుల్లో చాలామంది రేపటి ఉపాధ్యాయులు. డిగ్రీ కళాశాలలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పిన అనుభవంతో నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

1

ముందు సిద్ధాంతాన్ని దాని మాటల్లోనే అర్థం చేసుకుందాం. అమెరికాలో డేవిడ్ కోల్బ్ 1984లో అనుభవం ద్వారా నేర్చుకోవడాన్ని గురించి రాసిన పుస్తకంలో నేర్చుకునేవాళ్లను నాలుగు తీరులుగా విభజించాడు. 1987లో జాయ్ రీడ్ ఇంగ్లీషును పరాయి భాషగా నేర్చుకుంటున్నవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక ప్రశ్నావళి ప్రకటించింది. చూపు, వినికిడి, శరీర కదలిక, స్పర్శ, నలుగురితో కలిసి, ఒంటరిగా అని ఆమె ఆరు తీరులు చెప్పింది. 1992లో న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్ చూపు, వినికిడి, చదువు-రాత, చేత అనే నాలుగింటితో 'వార్క్' అనే నమూనాను ప్రచారంలోకి తెచ్చారు. ఇటువంటి నమూనాలు ఎన్ని ఉన్నాయో బ్రిటన్‌లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం 2004లో లెక్క వేస్తే 71 తేలాయి! ఒకే మనసును 71 రకాల గళ్లలో పెట్టగలిగినప్పుడు ఆ గళ్లు మనసులో ఉన్నాయా, గీసినవాళ్ల కాగితం మీద ఉన్నాయా అనే అనుమానం రావడం సహజం.

అనుమానంతో ఆగకుండా పరీక్షించి చూడాలి. ఈ సిద్ధాంతం నిజమని తేలాలంటే ఏం కావాలి? విద్యార్థులను చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని ముందుగా రెండు జట్లు చెయ్యాలి. ఒక్కొక్క జట్టులో సగం మందికి చూపించి, సగం మందికి వినిపించి ఒకే పాఠం చెప్పాలి. చివర అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. చూపు జట్టు చూపించినప్పుడూ, వినికిడి జట్టు వినిపించినప్పుడూ మెరుగ్గా రాస్తే సిద్ధాంతం నిలుస్తుంది. రెండు జట్లకూ ఒకే పద్ధతి మెరుగని తేలితే అది పాఠాన్ని గురించిన సత్యమే అవుతుంది, విద్యార్థుల తీరును గురించి ఏమీ చెప్పదు. హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ గీటురాయి మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పరిశీలించి 2008లో సమీక్ష ప్రకటించారు. ఈ పద్ధతిలో సక్రమంగా జరిగిన పరిశోధనలే చాలా కొద్ది. వాటిలోనూ కొన్ని సిద్ధాంతానికి విరుద్ధమైన ఫలితాలే ఇచ్చాయి. తీరు చూసి బోధించాలనడానికి తగిన ఆధారం లేదని వాళ్లు తేల్చారు. 2015లో బెత్ రొగోవ్‌స్కీ బృందం పెద్దవాళ్ల మీద జరిపిన పరిశోధనలో కొందరు ఒక పుస్తక భాగాన్ని విన్నారు, కొందరు తెర మీద చదివారు. వినడం ఇష్టమన్నవాళ్లు విన్నప్పుడు గానీ, చదవడం ఇష్టమన్నవాళ్లు చదివినప్పుడు గానీ అదనంగా అర్థం చేసుకున్నదేమీ కనిపించలేదు. బహువిధ ప్రజ్ఞల సిద్ధాంతాన్ని 1983లో ప్రతిపాదించిన హోవర్డ్ గార్డనర్‌ను చాలామంది ఈ వాదానికి సాక్షిగా పిలుస్తుంటారు. తన ప్రజ్ఞలూ ఈ శైలులూ ఒకటి కావని ఆయనే 2013లో స్పష్టం చేశాడు.

ఇష్టాలు లేవని ఎవరూ అనడం లేదు. బొమ్మలంటే ఇష్టపడే పిల్లలుంటారు, కథ వినడమంటే ఇష్టపడే పిల్లలుంటారు. అయితే ఇష్టమైన తిండే ఒంటికి పట్టే తిండి అని ఏ వైద్యుడూ చెప్పడు. ఇష్టం వేరు, నేర్చుకోవడం వేరు. ఈ రెంటినీ కలిపెయ్యడమే ఈ సిద్ధాంతంలోని మౌలిక దోషం.

2

శాస్త్రీయమైన ఆధారం లేని భావం ఇంత కాలం ఎలా బతుకుతోంది? ఏ భావమైనా గాలిలో నిలబడదు, దాని కింద ఏదో ఒక ప్రయోజనం ఉంటుంది. విద్యార్థి వెనకబాటుకు కారణాన్ని అతని లోపలే చూపించడం ఈ సిద్ధాంతం చేసే పని. బడిలో గ్రంథాలయం లేకపోవడం, ఒక్క గదిలో మూడు తరగతులు కూర్చోవడం, ఖాళీ పోస్టులు నింపకపోవడం, ఇవన్నీ చర్చలోంచి జారిపోతాయి. మిగిలేది విద్యార్థి తీరూ, దాన్ని కనిపెట్టలేని ఉపాధ్యాయుడి చేతకానితనమూ.

ఒక శిక్షణ తరగతిలో మాకు పంచిన ప్రశ్నావళిలో ఇలాంటి ప్రశ్న ఉంది: కొత్త యంత్రం ఒకటి కొన్నప్పుడు దానితో వచ్చిన పుస్తకం చదువుతారా, తెలిసినవాళ్లను అడిగి వింటారా, నేరుగా వాడి చూస్తారా? ఈ ప్రశ్నను పాలమూరు నుంచి వలసపోయి వచ్చిన కూలీ కొడుకును అడిగితే ఏం చెబుతాడు? పుస్తకంతో పాటు వచ్చే కొత్త యంత్రం వాళ్ల ఇంటికి రాదు. అన్న వాడిన ఫోనే చేతికొస్తుంది. వాడి చూస్తానంటాడు. వెంటనే అతను 'చేతలతో నేర్చుకునేవాడు' అయిపోతాడు. ఇంటి నిండా పుస్తకాలున్న వకీలు కూతురు చదువుతానంటుంది. ఆమె 'చదువు-రాత' తీరు మనిషి అవుతుంది. ఆ ప్రశ్నావళి కొలిచింది వాళ్ల మనసులనా, వాళ్ల ఇళ్లనా?

అసలు ప్రమాదం ఇక్కడుంది. తరతరాలుగా కొందరికి చెయ్యీ, కొందరికి తలా అని పంచిపెట్టిన సమాజం మనది. కుల వ్యవస్థ పనిని విభజించడంతో ఆగక పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విభజించిందని అంబేద్కర్ 1936లో చూపించాడు. అటువంటి సమాజంలో ఒక పిల్లవాడి పేరు పక్కన 'ఇతను చేతులతో నేర్చుకునే రకం' అని రాస్తే ఆ మాట అమాయకంగా ఉండదు. రేపు అతనికి పుస్తకం తగ్గించి అట్టముక్కలు ఇస్తారు. ఎల్లుండి పై చదువు తగ్గించి పనిముట్లు ఇస్తారు. ఇవన్నీ అతని మంచికోసమే అంటారు. చెయ్యి గొప్పది కాదని నేను అనడం లేదు. చెయ్యి గొప్పదే, కానీ ఒక మనిషిని చెయ్యికి మాత్రమే పరిమితం చేసే హక్కు ఎవరికీ లేదు. సావిత్రీబాయి ఫూలే 1854లో అచ్చువేసిన కవితా సంపుటిలో శూద్రాతిశూద్రులు ఇంగ్లీషు నేర్చుకోవాలని కోరినప్పుడు ఆమె అడిగింది మొత్తం చదువునే. తమకు తగిన ముక్క ఏదో ఇమ్మని ఆమె అడగలేదు.

దీనికి ఎదురు చివర మరొక తప్పుడు వాదం ఉంది. తీరులు లేవని శాస్త్రం తేల్చింది కాబట్టి అందరికీ ఒకే ఉపన్యాసం, ఒకే గైడు, పరీక్షకు ముందు ఒకే బిట్‌బ్యాంకు చాలు అనేది ఆ వాదం. ఇది మొదటిదానికన్నా యాంత్రికమైనది. తీరుల సిద్ధాంతం తప్పయినా, దాని ప్రభావంతో కొందరు ఉపాధ్యాయులు బల్ల దిగి పిల్లల మధ్యకు వచ్చారు, బొమ్మ గీశారు, పాట పెట్టారు. ఆ మేలును మనం కాదనకూడదు. పిల్లల మధ్య తేడాలు నిజమే. ఆ తేడాలు ఎక్కడున్నాయన్నదే మన ప్రశ్న.

3

నా తరగతి గదుల్లో నేను చూసిన తేడాలు ప్రధానంగా నాలుగు చోట్ల ఉన్నాయి.

మొదటిది ఇంటి భాష. ఇంగ్లీషును మనం 'రెండో భాష' అంటాం. ఆదిలాబాద్ గోండు పిల్లకు, భద్రాచలం కోయ పిల్లకు, శ్రీకాకుళం సవర పిల్లవాడికి, తండా నుంచి వచ్చిన లంబాడీ విద్యార్థికి తెలుగే రెండో భాష. వాళ్లకు ఇంగ్లీషు మూడోదో నాలుగోదో అవుతుంది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమానికి ఉత్తర్వు ఇచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసినప్పుడు, 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టినప్పుడు చర్చ అంతా తెలుగా ఇంగ్లీషా అనే సాగింది. ఈ రెండూ కాని భాషలో కలలు కనే పిల్లలు ఆ చర్చలో దాదాపు కనిపించలేదు.

రెండోది లిపి. తెలుగులో రాసినదాన్ని రాసినట్టే చదువుతాం. గుణింతం పట్టుబడ్డ పిల్లవాడు కొత్త మాటనైనా చదవగలడు. ఇంగ్లీషులో ఒకే అక్షరం నాలుగు చోట్ల నాలుగు రకాలుగా పలుకుతుంది, కొన్నిచోట్ల అసలు పలకదు. తెలుగు చక్కగా చదివే పిల్లవాడే ఇంగ్లీషు పేజీ ముందు తడబడితే దాన్ని 'చూపు తీరు లేకపోవడం' అనడం అన్యాయం. అతను తనకు తెలిసిన న్యాయమైన సూత్రాన్ని అన్యాయమైన చోట వాడుతున్నాడు.

మూడోది సమయం. తెల్లవారుజామున పాలు పోసి, సాయంత్రం దుకాణంలో కూర్చునే విద్యార్థికి ఇంటి దగ్గర మళ్లీ చదువుకునే గంట లేదు. ఆ గంట అతనికి తరగతిలోనే దొరకాలి. నేర్చుకున్నదాన్ని పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం, కొన్ని రోజులు ఎడమిచ్చి మళ్లీ తిరగేసుకోవడం అన్ని రకాల విద్యార్థులకూ మేలు చేస్తాయని పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. ఇంట్లో తీరిక ఉన్నవాళ్లు ఈ పని ఇంట్లో చేసుకుంటారు. లేనివాళ్లకు బడే చేయించాలి.

నాలుగోది భయం. తప్పు మాట్లాడితే నవ్వుతారనే భయంతో ఏడాది పొడుగునా నోరు విప్పని విద్యార్థులు ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్లలో అమ్మాయిలు ఎక్కువ. వాళ్ల మౌనాన్ని ప్రశ్నావళి 'ఒంటరి తీరు' అని నమోదు చేసుకుంటుంది. ఆ మౌనానికి చరిత్ర ఉంది. నవ్విందెవరు, ఎవరిని చూసి నవ్వారు అని అడిగితే ఆ చరిత్ర బయటపడుతుంది.

ఈ నాలుగూ పుట్టుకతో వచ్చినవి కావు, కాబట్టి మార్చగలిగినవి. విద్యార్థికి ఒక ముద్ర వేసి వదిలెయ్యడానికీ, అతని పరిస్థితిని తెలుసుకుని పాఠాన్ని మార్చుకోవడానికీ మధ్య ఉన్న తేడా ఇదే.

4

పాఠాన్ని నేర్చుకునేవాడి పరిస్థితికి తగినట్టు మార్చడం మనకు కొత్త కాదు. మన సాహిత్య చరిత్రలోనే దానికి మూలాలున్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, ప్రజలు మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరం ఎందుకని అడిగాడు. తరగతి గదిలో పుట్టిన ఆ ప్రశ్న గిడుగు రామమూర్తినీ, గురజాడనూ వ్యావహారిక భాషోద్యమం దాకా నడిపించింది. ఆ గిడుగే పర్లాకిమిడిలో సవరల కోసం సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, బడులు పెట్టాడు. 1931లో సవర భాషా వ్యాకరణం ప్రకటించాడు. బిడ్డ దగ్గరికి పాఠం వెళ్లడమంటే అది.

ఇంగ్లీషు బోధనకే వస్తే, ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1926లో బెంగాలు బడుల మీద రాసిన గ్రంథంలో ఒక విలువైన ప్రశ్న వేశాడు. చదువు పూర్తి కాకుండానే మానేసే పిల్లలే ఎక్కువ. మరి మధ్యలో మానేసినవాడు ఏం పట్టుకుపోతున్నాడు? బీమా పాలసీని మధ్యలో వదులుకున్నా కొంత సొమ్ము చేతికొచ్చినట్టు, ఏ తరగతిలో బడి మానినా పిల్లవాడికి ఎంతో కొంత దక్కాలని ఆయన వాదించి, అందుకోసం చదవడానికి ప్రాధాన్యం ఇచ్చాడు. ఆయన వలస ప్రభుత్వ ఉద్యోగి. ఆ పరిమితి ఆయన ఆలోచనకూ ఉంది. అయినా ఆ ప్రశ్న ఈనాటికీ నిలిచి ఉంది.

1979-84 మధ్య ఎన్.ఎస్. ప్రభు బెంగుళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు బడుల్లో నడిపిన ప్రయోగం మరొకటి. వ్యాకరణ సూత్రాలు ముందు పెట్టకుండా రైలు వేళల పట్టిక, పటం వంటివి ఇచ్చి ఒక చిక్కు విప్పమనేవారు. మొదట తరగతి మొత్తంతో కలిసి నోటిమాటగా ఒకటి విప్పి, తర్వాత అటువంటిదే ప్రతి ఒక్కరినీ విడిగా విప్పమనేవారు. మనసు అర్థం మీద ఉన్నప్పుడు భాష దానంతటదే పట్టుబడుతుందని ఆయన నమ్మకం. నాకు ఇందులో ముఖ్యంగా తోచింది ఏమిటంటే ఆయన ఎవరినీ రకాలుగా విడదీయలేదు. విన్నవాళ్లూ, చూసినవాళ్లూ, ఆలోచించినవాళ్లూ ఒకే చిక్కు చుట్టూ చేరారు.

5

ఇక ఆచరణ. నేను పాటించే సూత్రం ఒక్కటే: పద్ధతిని విద్యార్థి రకాన్ని బట్టి కాక, చెప్పవలసిన విషయాన్ని బట్టి ఎంచుకోవాలి. దాన్ని అందరికీ ఇవ్వాలి. కొన్ని ఉదాహరణలు చెబుతాను.

ఇంగ్లీషు వాక్యంలో మాట స్థానమే దాని పని. తెలుగులో "మనిషి పులిని చంపాడు" అన్నా "పులిని మనిషి చంపాడు" అన్నా చచ్చింది పులే. విభక్తి ప్రత్యయం కాపాడుతుంది. మన కవులు మాటలను అటూ ఇటూ జరిపి సాధించే స్వేచ్ఛ అంతా ఈ ప్రత్యయాల బలం మీదే. "ది మ్యాన్ కిల్డ్ ది టైగర్" అనే వాక్యంలో ఆ ఇద్దరి చోట్లూ మార్చితే మనిషి చచ్చిపోతాడు. దీన్ని చెప్పడానికి ముగ్గురు విద్యార్థులను లేపి, చేతికి మాటలు రాసిన కాగితాలిచ్చి, చోట్లు మార్పిస్తాను. కదలిక ఎందుకు? విషయమే స్థానానికి సంబంధించింది కాబట్టి. వకీలు కూతురికీ కూలీ కొడుక్కీ అది ఒకేలా ఉపయోగపడుతుంది.

ఊనిక విషయం చెవికి సంబంధించింది. 'రికార్డ్' అనే మాటను నామవాచకంగా పలికితే బరువు మొదటి భాగం మీద, క్రియగా పలికితే రెండో భాగం మీద పడుతుంది. తెలుగులో బరువు మారితే మాట అర్థం మారదు కనుక మన చెవికి ఆ అలవాటు లేదు. దీన్ని నల్లబల్ల మీద ఎంత రాసినా ప్రయోజనం లేదు. చప్పట్లు కొట్టి వినిపించాలి. అక్షరక్రమం మాత్రం కంటికీ చేతికీ సంబంధించింది, చూసి రాయవలసిందే.

'ఎ', 'ది' అనే ఉపపదాలు మనవాళ్లను జీవితాంతం వేధిస్తాయి. తెలుగులో ఇవి లేవని చెప్పి పన్నెండు సూత్రాలు బట్టీ పెట్టిస్తాం. కానీ కథ చెప్పే అమ్మమ్మను వినండి: "ఒక ముసలమ్మ ఉంది. ఆ ముసలమ్మకు ఒక మేక ఉంది. ఆ మేక..." మొదటిసారి వచ్చినప్పుడు 'ఒక', వినేవాడికి తెలిశాక 'ఆ'. ఇంగ్లీషు ఉపపదాల ముఖ్యమైన పని ఇదే. అన్ని చోట్లా ఈ పోలిక సరిపోదు, కానీ తలుపు తెరుచుకుంటుంది. పుస్తకాలు లేని ఇంటి నుంచి వచ్చిన పిల్లలకు కథలు ఎక్కువగా తెలుసు. ఈ పాఠంలో వాళ్లే ముందుంటారు.

'ఐ యామ్ నోయింగ్' అనే తప్పు సంగతీ అంతే. 'చేస్తున్నాను' అన్నట్టు 'తెలుసు' అనే మాటకు '-తున్నాను' చేర్చి ఎవరైనా అంటారా? తెలుగులో ఆ మాట జరుగుతున్న పనిని చెప్పదు, ఉన్న స్థితిని చెబుతుంది. ఇంగ్లీషులోనూ అంతే. విద్యార్థి దగ్గర ఉన్న జ్ఞానాన్నే అతనికి చూపించాలి. పరాయి భాష నేర్చుకోవడం మాతృభాష మీద ఆధారపడి జరుగుతుందనీ, తిరిగి మాతృభాష పట్ల స్పృహను పెంచుతుందనీ వైగాట్‌స్కీ 1934లో వచ్చిన తన గ్రంథంలో వివరించాడు. తరగతిలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులు ఈ నిచ్చెననే లాగేస్తున్నాయి.

మరొక ఉదాహరణ రచయితలకు, అనువాదకులకు. తెలుగులో 'మనం', 'మేము' అని రెండు మాటలున్నాయి. ఇంగ్లీషుకు 'వుయ్' ఒక్కటే. వినేవాడు అందులో ఉన్నాడా లేడా అది చెప్పదు. యజమాని కార్మికులతో 'వుయ్' అన్నప్పుడు దాన్ని తెలుగులోకి ఎలా తేవాలి అని అడిగి చూడండి. అంతవరకు నోరు విప్పని విద్యార్థులు వాదనకు దిగుతారు. తమ భాషకు ఇంగ్లీషుకు లేని ఒక చూపు ఉందని తెలిసినవాడు ఇంగ్లీషు ముందు కుంచించుకుపోడు.

భయానికి మందు క్రమంలో ఉంది. ప్రశ్న అడగగానే చెయ్యెత్తినవాణ్ని లేపితే రోజూ ఆ నలుగురే మాట్లాడతారు. ముందు అందరూ రెండు నిమిషాలు రాసుకోవాలి. తర్వాత పక్కవాళ్లతో చెప్పుకోవాలి. అందులో తెలుగు దొర్లినా ఫరవాలేదు. ఆ తర్వాతే నలుగురిలో చెప్పాలి. ఈ మూడు మెట్లకు ఖర్చు లేదు, పరికరాలు అక్కర్లేదు. అరవై మంది తరగతిలోనూ సాధ్యమే. అలాగని అరవై మంది తరగతిని మనం ఆమోదించినట్టు కాదు. ముప్ఫై మందికి ఒక ఉపాధ్యాయుణ్ని అడిగే పోరాటం ఆ పోరాటమే.

6

మన రచయితలకు దీనిలో చెయ్యవలసిన పని ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020-21లో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు తెచ్చింది. రెండు భాషలూ ఎదురెదురుగా ఉండడం అనే రూపం మంచిదే. అలాంటి రూపంలో మన పిల్లల జీవితం ఉన్న సాహిత్యం మాత్రం బహు తక్కువ. బీడీలు చుట్టే తల్లి, చేపల వేట, పత్తి చేను, సింగరేణి బొగ్గుబావి తేలికైన ఇంగ్లీషులో ఎందుకు ఉండకూడదు? విద్యార్థికి ముందే తెలిసిన జీవితం పుటలో ఉన్నప్పుడు తెలియని భాష సగం తేలికవుతుంది. ఇంగ్లీషు చదివే విద్యార్థులు తమ ఊరి కథ ఒక్కటి పుట్టింటి భాషలో సేకరించి, దాని ఎదుట సరళమైన ఇంగ్లీషులో రాయగలరు. గోండిలో, కోయలో, సవరలో, లంబాడీలో మూడో పుట కూడా చేర్చగలరు. అది పాఠమూ అవుతుంది, సాహిత్య కృషీ అవుతుంది.

విద్యార్థుల మధ్య తేడాలను గుర్తించడం ప్రజాస్వామికమైన పని. ఆ తేడాలను పుట్టుమచ్చలుగా చూపించడం మన దేశంలో చాలా పాతకాలపు పని. ఈ రెంటినీ వేరు చేసి చూడడం ఉపాధ్యాయుడికెంత అవసరమో, మనుషులను పాత్రలుగా మలిచే రచయితకూ అంతే అవసరం.